బబులోనులో యెహోయాకీనుకు వేసిన పీఠం

చెరసాల నుంచి రాజు పక్కకు చేరిన మనిషి అనగానే బైబిలు చదివేవాళ్లకు ముందు గుర్తొచ్చేది యోసేపు. అన్నలు గోతిలో పడేశారు, దారిన పోయే వర్తకులకు అమ్మేశారు, చేయని తప్పుకు జైలు పాలయ్యాడు, చివరికి ఫరో ఉంగరం వేలికి తొడుక్కుని ఐగుప్తుకే అధికారి అయ్యాడు. సండే స్కూల్ పిల్లలు కూడా ఈ కథను గడగడా చెప్పేస్తారు. ఆ తర్వాత దానియేలు, ఎస్తేరు, మొర్దెకై గుర్తొస్తారు. ఇదే వరసలో నిలబడాల్సిన ఇంకో మనిషి ఉన్నాడు గానీ, అతని మీద ప్రసంగం వినడం చాలా అరుదు. అతను యూదా రాజు యెహోయాకీను.

రెండవ రాజుల గ్రంథం ముగిసేది అతనితోనే. యెరూషలేము కాలిపోయింది, దేవాలయం కూలిపోయింది, మిగిలిన కొద్దిమంది ఐగుప్తుకు పారిపోయారు. ఇక చెప్పడానికేమీ లేదనుకున్న చోట, 25వ అధ్యాయం చివర్లో నాలుగు వచనాలు వస్తాయి. యెహోయాకీను చెరపట్టబడిన 37వ సంవత్సరంలో, పన్నెండో నెల 27వ రోజున, బబులోనుకు కొత్తగా రాజైన ఎవీల్మెరోదకు అతన్ని బందీగృహం నుంచి బయటికి తెప్పించాడు. దయగా మాట్లాడాడు. బబులోనులో తన దగ్గరున్న మిగతా రాజుల పీఠాలకంటే అతని పీఠాన్ని ఎత్తుగా వేయించాడు. బందీ బట్టలు తీసేయించి వేరే బట్టలు ఇచ్చాడు. బతికినన్నాళ్లూ తన ఎదుటే భోజనం, ఏ రోజుకారోజు బత్తెం. అంతే. గ్రంథం అక్కడ ఆగిపోతుంది. యిర్మీయా గ్రంథం కూడా ఇదే సంగతితో ముగుస్తుంది. అక్కడ తేదీ 27 కాదు, 25. అదొక్కటే పెద్ద తేడా.

ఈ నాలుగు వచనాలను నిదానంగా చదివితే ఒక విషయం తడుతుంది. ఇందులో విడుదల ఉంది గానీ ఇంటికి వెళ్లడం లేదు. గౌరవం ఉంది, అధికారం లేదు. యోసేపు చేతికి ధాన్యపు కొట్ల తాళాలు వచ్చాయి. యెహోయాకీనుకు వచ్చింది ఒక కుర్చీ, ఒక పూట భోజనం. అయినా ఈ కథే గట్టిది అనిపిస్తుంది. ఎందుకంటే ఇందులోని గౌరవం ఎంతో కొలిచి చెప్పొచ్చు. నిజంగానే లీటర్ల లెక్కన కొలవచ్చు. ఆ లెక్క రాసిన మట్టి పలకలు ఇప్పటికీ బెర్లిన్ మ్యూజియంలో ఉన్నాయి.

పద్దెనిమిదేళ్ల రాజు

ముందు పేర్ల చిక్కు విప్పుకోవాలి. తండ్రి యెహోయాకీము, కొడుకు యెహోయాకీను. తెలుగులో చివరి అక్షరం ఒక్కటే తేడా కావడంతో చాలామంది ఇద్దరినీ ఒకరనుకుంటారు. పైగా కొడుక్కి యెకొన్యా, కొన్యా అనే పేర్లు కూడా ఉన్నాయి. ప్రవక్త యిర్మీయా చెప్పి రాయించిన గ్రంథపు చుట్టను చాకుతో కోసి మంటలో పడేసింది తండ్రి. మూడేళ్లు బబులోనుకు లోబడి ఉండి, తర్వాత తిరగబడిందీ తండ్రే. ఆ తిరుగుబాటుకు శిక్ష వేయడానికి సైన్యం వచ్చేసరికి ఆయన లేడు. తండ్రి చేసిన అప్పు కొడుకు నెత్తిన పడ్డట్టు, ముట్టడి మొత్తం పద్దెనిమిదేళ్ల కుర్రాడి మీద పడింది. అతను ఏలింది మూడు నెలలు. దినవృత్తాంతాల గ్రంథం ఇంకో పది రోజులు కలుపుతుంది.

ఈ ముట్టడికి బబులోను వాళ్ల సొంత రికార్డు ఉంది. బబులోను రాజు నెబుకద్నెజరు కాలపు సంఘటనలను ఏడాదివారీగా రాసుకున్న మట్టి పలక బ్రిటిష్ మ్యూజియంలో ఉంది. డొనాల్డ్ వైజ్‌మన్ దాన్ని చదివి 1956లో ప్రచురించాడు. రాజు తన ఏడో ఏట, కిస్లేవు నెలలో సైన్యంతో బయల్దేరాడనీ, యూదా పట్టణాన్ని ముట్టడించి అదారు నెల రెండో రోజున పట్టుకున్నాడనీ, అక్కడి రాజును బంధించి తనకు నచ్చినవాణ్ని ఆ స్థానంలో పెట్టాడనీ, భారీగా కప్పం తీసుకెళ్లాడనీ అందులో ఉంది. మన క్యాలెండర్‌లో ఆ తేదీ క్రీ.పూ. 597 మార్చి 16. పలకలో ఏ రాజు పేరూ లేదు. బైబిల్లో ఉంది. పోయినవాడు యెహోయాకీను. వచ్చినవాడు అతని పినతండ్రి సిద్కియా.

ఆ రోజు కుర్రాడు చేసిన పని రాజుల గ్రంథంలో ఒక్క వాక్యంలో అయిపోతుంది. తల్లి నెహుష్తాను, తన సేవకులను, అధిపతులను వెంటబెట్టుకుని బబులోను రాజు దగ్గరికి బయటికి వెళ్లాడు. అంటే లొంగిపోయాడు. గ్రంథకర్త అతన్ని మంచి రాజు అనలేదు, తండ్రిలాగే చెడు చేశాడని తేల్చేశాడు. అయితే ఆ లొంగుబాటు వల్ల యెరూషలేము ఇంకో పదకొండేళ్లు నిలబడింది. ఆరు వందల అరవై ఏళ్లకు పైగా గడిచాక రోమా సైన్యం అదే నగరాన్ని చుట్టుముట్టినప్పుడు, చరిత్రకారుడు జోసెఫస్ కోటగోడల బయట నిలబడి లోపలివాళ్లకు చెప్పిన ఉదాహరణ ఈ కుర్రాడిదే. దేవాలయం కాలిపోకూడదని తనంతట తాను ఇంటివాళ్లతో సహా బందీ అయ్యాడనీ, యూదులంతా అతన్ని గౌరవంగా గుర్తుంచుకుంటారనీ జోసెఫస్ రాశాడు. లోపలివాళ్లు వినలేదు.

సిద్కియాకు ఏమైందో పక్కన పెట్టి చూస్తే తేడా తెలుస్తుంది. అతను లొంగలేదు, రాత్రివేళ గోడ సందులోంచి పారిపోయి యెరికో మైదానంలో దొరికాడు. రిబ్లాలో అతని కళ్ల ముందే కొడుకులను చంపారు. ఆ తర్వాత ఆ కళ్లే పెరికేశారు. అతను చివరిసారి చూసిన దృశ్యం అదే. యెహోయాకీను వంశం మిగిలింది, సిద్కియా వంశం అక్కడితో పోయింది.

రాజుతో పాటు వెళ్లినవాళ్ల లెక్కలు ఒక్కోచోట ఒక్కోలా ఉన్నాయి. రాజుల గ్రంథంలో ఒక వచనం పదివేలు అంటుంది, రెండు వచనాల తర్వాత ఏడువేల మంది శూరులు, వెయ్యిమంది పనివాళ్లు, కమ్మరులు అంటుంది. యిర్మీయా గ్రంథంలోని జాబితా 3,023 మంది అంటుంది. బహుశా ఒకచోట కుటుంబాలతో సహా లెక్కపెట్టి, ఇంకోచోట ఇంటిపెద్దలనే లెక్కపెట్టి ఉంటారు. ఏదేమైనా బబులోను ఎంచుకున్నది ఎవరినో స్పష్టంగానే తెలుస్తుంది. ఇనుము కరిగించగలవాళ్లు, కర్రపని తెలిసినవాళ్లు, లెక్కలు రాయగలవాళ్లు, యుద్ధం చేయగలవాళ్లు. బీదలను వదిలేశారు. ఆ ప్రయాణం ఎంత దూరమో ఊహించడానికి ఒక ఆధారం ఉంది. తర్వాతి కాలంలో ఎజ్రా అదే దారిలో బబులోను నుంచి యెరూషలేముకు రావడానికి నాలుగు నెలలు పట్టింది. అతను స్వేచ్ఛగా వచ్చాడు, రాజు ఉత్తర్వు చేతిలో పెట్టుకుని వచ్చాడు. వీళ్లు కావలి మధ్య నడిచారు.

నూనె లెక్కలు

జర్మన్ పురావస్తు శాస్త్రవేత్త రాబర్ట్ కోల్డెవే 1899 నుంచి 1917 దాకా బబులోను శిథిలాలను తవ్వించాడు. ఆ చోటు ఇప్పటి ఇరాక్‌లో, బాగ్దాద్‌కు దక్షిణాన, హిల్లా పట్టణం పక్కన ఉంది. దక్షిణ రాజభవనం ఈశాన్య మూలలో అతనికి నేల అడుగున కమానులతో కట్టిన 14 గదులు దొరికాయి. లోకమంతా చెప్పుకునే వేలాడే తోటల పునాది ఇదేనని అతను సంబరపడ్డాడు. ఆ గదుల్లో దొరికిన మట్టి పలకలు మాత్రం తోటల ఊసెత్తలేదు. అవన్నీ స్టోర్ రూమ్ పద్దులు. ఎవరికి ఎంత నూనె, ఎంత బార్లీ, ఎంత ఖర్జూరం ఇచ్చారో రాసుకున్న రేషన్ లెక్కలు. ఎర్న్‌స్ట్ వైడ్నర్ అనే పండితుడు వాటిలో కొన్నిటిని చదివి 1939లో ప్రచురించాడు.

వాటిల్లో ఒకదానిలో రాజభవనపు గుమస్తా తన మామూలు పద్ధతిలో ఇలా రాసుకున్నాడు. యూదా దేశపు రాజు యౌకీనుకు పది సిలాల నూనె. యూదా రాజు కొడుకులు అయిదుగురికి రెండున్నర సిలాలు. యూదావాళ్లు ఎనిమిది మందికి నాలుగు సిలాలు. యౌకీను అంటే యెహోయాకీనే, బబులోను యాసలో. ఈ లెక్కల్లో ఒకదాని తేదీ నెబుకద్నెజరు పదమూడో ఏడు, అంటే క్రీ.పూ. 592.

సిలా అంటే ఇంచుమించు ఒక లీటరు. పిల్లలకు తలా అర లీటరు, మిగతా యూదావాళ్లకూ తలా అర లీటరు. అదే జాబితాలో ఉన్న, అర్వదు అనే పట్టణం నుంచి వచ్చిన వడ్రంగులకూ అంతే, గ్రీకు వడ్రంగులకూ అంతే. అర సిలా అనేది మామూలు మనిషి రేటు అన్నమాట. రాజుకు మాత్రం దానికి ఇరవై రెట్లు. అంత నూనె ఒక్క మనిషి వాడుకోలేడు కదా. పెళ్లాలు, పనివాళ్లు, వచ్చిపోయేవాళ్లు ఉన్న ఒక ఇంటికి సరిపోయే కొలత అది. నువ్వుల నూనెతో వంట, దీపం, ఒంటికి రాసుకోవడం అన్నీ జరిగే దేశంలో పది సిలాలు రాసివ్వడం అంటే, బందీ అయినా ఈయనకు ఒక ఇల్లు ఉంది, హోదా ఉంది అని ఒప్పుకోవడమే. బబులోను అధికారులు అతన్ని మాజీ రాజు అని రాయలేదు. రాజు అనే రాశారు. అప్పటికి యెరూషలేములో సిద్కియా సింహాసనం మీద కూర్చుని ఉన్నాడు.

ఇది దయ అనుకోవడానికి లేదు. బబులోనుకు దీనివల్ల లాభం ఉంది. అసలు రాజు తమ గుప్పిట్లో ఉంటే, యెరూషలేములో పెట్టిన రాజు తోక జాడించినప్పుడల్లా భయపెట్టొచ్చు. అష్కెలోను రాజు కొడుకులు కూడా ఇవే జాబితాల్లో రేషన్ తీసుకుంటున్నారు. నెబుకద్నెజరు సభలో ఉన్నవాళ్ల పట్టిక ఒకటి ఇస్తాంబుల్‌లో ఉంది, అందులో తూరు, గాజా, సీదోను, అర్వదు, అష్డోదు రాజులు కనిపిస్తారు. కాబట్టి రాజుల గ్రంథం చెప్పే "బబులోనులో తన దగ్గరున్న రాజులు" అనే మాట అలంకారం కాదు. నిజంగానే అక్కడ ఓడిపోయిన రాజులందరినీ ఒకచోట చేర్చి, నూనె లెక్కపెట్టి పోషిస్తున్నారు.

ఇక్కడే ఒక ముడి ఉంది. క్రీ.పూ. 592లో అయిదుగురు కొడుకులతో, నూనె కుండలతో ఉన్న మనిషి 561 నాటికి బందీగృహంలో బందీ బట్టల్లో ఎలా ఉన్నాడు? మధ్యలో ఏదో జరిగి, అతన్ని ఇంటి నుంచి చెరసాలకు మార్చి ఉండాలి. సిద్కియా తిరుగుబాటు ఒక కారణం కావచ్చు. తర్వాత దావీదు వంశంవాడైన ఇష్మాయేలు, బబులోను నియమించిన అధికారి గెదల్యాను చంపేశాడు. రాజవంశం మీద అనుమానం పెరగడానికి అదీ ఒక కారణం కావచ్చు. ఏ పలకా ఈ సంగతి తేల్చి చెప్పలేదు. కాకపోతే ఈ ముడి వల్ల కథ ఇంకా బరువెక్కుతుంది. అతని బతుకు ఒకే గోతిలోంచి ఒకేసారి పైకి లేచిన బతుకు కాదు. సింహాసనం నుంచి గృహనిర్బంధానికి, అక్కడి నుంచి జైలుకు, జైలు నుంచి రాజు భోజనపు బల్లకు. పద్దెనిమిదేళ్లప్పుడు వెళ్లినవాడు బయటికొచ్చేసరికి యాభై అయిదేళ్లవాడు.

అత్తిపండ్ల గంప, పారేసిన ఉంగరం

అతను లోపలున్న ఆ 37 ఏళ్లూ బయట అతని పేరు నలుగుతూనే ఉంది. ఈ భాగాన్ని ప్రసంగికులు ఎందుకు వదిలేస్తారో అర్థం కాదు, ఇంత టెన్షన్ ఉన్న ఘట్టాలు ప్రవక్తల గ్రంథాల్లో తక్కువ.

యిర్మీయా మొదట అతని గురించి చాలా కఠినంగా మాట్లాడాడు. కొన్యా దేవుని కుడిచేతికి ముద్ర ఉంగరమైనా సరే, ఊడబెరికి పారేస్తానని దేవుని మాటగా చెప్పాడు. ఇతన్ని సంతానం లేనివాడని రాయండి, ఇతని సంతతిలో ఎవరూ దావీదు సింహాసనం మీద కూర్చోరు అని ప్రకటించాడు. కానీ అదే యిర్మీయా, రాజు చెరకు వెళ్లాక, దేవాలయం ముందు రెండు గంపల అత్తిపండ్లు చూశాడు. ఒక గంపలో మంచివి, రెండో గంపలో నోట పెట్టలేనివి. చూసేవాళ్లు ఏమనుకుంటారు? ఊళ్లో మిగిలినవాళ్లే అదృష్టవంతులు, బందీలుగా పోయినవాళ్లు శాపగ్రస్తులు అనుకుంటారు. దేవుడు తిప్పి చెప్పాడు. యెకొన్యాతో చెరకు వెళ్లినవాళ్లే మంచి పండ్లు, ఊళ్లో మిగిలినవాళ్లు కుళ్లినవి.

జనం ఈ మాట మింగలేకపోయారు. హనన్యా అనే ప్రవక్త లేచి, రెండేళ్లలో యెకొన్యా తిరిగొస్తాడు, దేవాలయపు పాత్రలూ తిరిగొస్తాయి అని అందరి ముందూ చెప్పాడు. బబులోనుకు లోబడాలి అనడానికి గుర్తుగా యిర్మీయా మెడ మీద పెట్టుకున్న కాడిని తీసి విరిచాడు కూడా. వినడానికి ఎంత బాగుంటుందో! రెండేళ్లు ఓపిక పడితే చాలు. యిర్మీయా "ఆమేన్, అలాగే జరగాలి" అన్నాడు, తర్వాత అది అబద్ధమని తేల్చాడు. హనన్యా ఆ ఏడే చనిపోయాడు. బబులోనులో ఉన్నవాళ్లకు యిర్మీయా ఉత్తరం రాశాడు. ఇళ్లు కట్టుకోండి, తోటలు నాటుకోండి, పిల్లలకు పెళ్లిళ్లు చేయండి, మీరున్న పట్టణం క్షేమం కోసం ప్రార్థించండి, డెబ్బై ఏళ్లు పడుతుంది.

వాళ్లు అలాగే చేసినట్టు ఇప్పుడు ఆధారాలున్నాయి. బబులోను పల్లెల్లో "యూదా పట్టణం" అని పిలిచిన ఊరికి సంబంధించిన పలకలు 2014లో ప్రచురించారు. వాటిల్లో మొదటిది క్రీ.పూ. 572 నాటిది. పొలాల కౌళ్లు, అప్పులు, శిస్తులు, ఖర్జూరం తూకాలు, దేవుని పేరు కలిసిన యూదుల పేర్లు. చెరపట్టబడినవాళ్లు కాలవల పక్కన సేద్యం చేసుకుంటూ, పన్నులు కట్టుకుంటూ బతికారు.

అదే కాలవల్లో ఒకటైన కెబారు నది ఒడ్డున ప్రవక్త యెహెజ్కేలుకు దర్శనం కలిగింది. ఆ తేదీని ఆయన ఎలా రాశాడో చూడాలి. యెహోయాకీను రాజు చెరపట్టబడిన అయిదో సంవత్సరం అని రాశాడు. యెరూషలేములో సిద్కియా ఏలుతున్నా, అతని ఏలుబడి ఏళ్లతో లెక్కపెట్టలేదు. మామూలుగా రాజు సింహాసనం ఎక్కిన ఏడుతో కాలం లెక్కపెడతారు. యెహెజ్కేలు తమ రాజు సంకెళ్లలోకి వెళ్లిన ఏడుతో లెక్కపెట్టాడు. 

తల ఎత్తిన రోజు

క్రీ.పూ. 562లో నెబుకద్నెజరు 43 ఏళ్ల పాలన ముగిసింది. కొడుకు అమేల్ మర్దుక్ రాజయ్యాడు. "మర్దుకు దేవుని మనిషి" అని ఆ పేరుకు అర్థం, మన బైబిల్లో ఎవీల్మెరోదకు. పన్నెండో నెల 27 అంటే అదారు ఆఖరు రోజులు. ఇంకో రెండు మూడు రోజుల్లో కొత్త సంవత్సరం, బబులోనులో అన్నిటికంటే పెద్ద పండుగ. కొత్త రాజు తన మొదటి పండుగ ముందు బందీలను వదలడం ఆ కాలపు రాజులకు అలవాటే. కాబట్టి విడుదలకు రాజకీయ కారణం ఉంది.

అయితే మిగతా బందీ రాజులకంటే ఇతని పీఠమే ఎందుకు ఎత్తుగా పడింది? ఇక్కడ ఒక ఆసక్తికరమైన పలక గురించి చెప్పుకోవాలి. నెబుకద్నెజరు కొడుకు నబూ షుమ ఉకీన్ అనే అతను, కుట్రలో ఇరుక్కుని జైల్లో పడి, మర్దుకు దేవుణ్ని వేడుకుంటూ చేసిన విలాపం అందులో ఉంది. బ్రిటిష్ మ్యూజియం పండితుడు ఇర్వింగ్ ఫింకెల్ దాన్ని ప్రచురించి, ఈ కొడుకే బయటపడ్డాక కృతజ్ఞతగా అమేల్ మర్దుక్ అని పేరు మార్చుకుని ఉండొచ్చని ప్రతిపాదించాడు. యూదుల పాత కథనాల్లో కూడా ఎవీల్మెరోదకును తండ్రి జైల్లో పెట్టాడన్న మాట ఉంది. ఇది రుజువైన సంగతి కాదు, ఊహే. కానీ నిజమైతే ఎంత నిండుగా ఉంటుందో! యోసేపు జైల్లో మేలు చేసిన, ఫరోకు పానపాత్ర అందించే పానదాయకుడు బయటికెళ్లి రెండేళ్లు అతన్ని మరిచిపోయాడు. ఈ జైలు స్నేహితుడు మాత్రం గద్దెనెక్కిన ఏడే గుర్తుపెట్టుకుని పిలిపించాడు.

యోసేపు ఊసు ఊరికే రాలేదు. హీబ్రూలో ఈ వచనం చెప్పేది, బబులోను రాజు యెహోయాకీను "తల ఎత్తాడు" అని. తలెత్తుకుని తిరగడం అంటే ఏమిటో తెలుగువాళ్లకు విడమరచి చెప్పక్కర్లేదు. ఆదికాండం 40లో పానదాయకుడి కల చెప్పేటప్పుడు యోసేపు వాడిన నుడికారం కూడా ఇదే. మూడు రోజుల్లో ఫరో నీ తల ఎత్తుతాడు. పక్కనే ఉన్న, ఫరోకు రొట్టెలు చేసే భక్ష్యకారుడికీ అదే మాట చెప్పి, ఒక్క ముక్క కలిపాడు. నీ తల నీ మీద నుంచి ఎత్తేస్తాడు. ఒకే మాటకు ఒకరికి ఉద్యోగం, ఇంకొకరికి మరణం. 37 ఏళ్ల తర్వాత చెరసాల తలుపు తెరుచుకుని, రాజు రమ్మంటున్నాడు అని కబురొచ్చినప్పుడు, సిద్కియాకు ఏం జరిగిందో తెలిసిన యెహోయాకీనుకు తన తల ఏ పక్కకు ఎత్తబోతున్నారో ఎలా తెలుస్తుంది? బట్టలు ఇచ్చినప్పుడు తెలిసి ఉంటుంది. యోసేపుకూ అంతే, ఫరో ముందుకు వెళ్లేముందు క్షౌరం చేయించుకుని బట్టలు మార్చుకున్నాడు. ఈ కథలు తెలిసిన గ్రంథకర్త ఈ గుర్తులను యాదృచ్ఛికంగా పెట్టాడంటే నమ్మడం కష్టం.

ఇంకో పోలిక కూడా ఉంది, ఇది ఇంకా లోతుగా తాకుతుంది. చాలా ఏళ్ల ముందు దావీదు, తన శత్రువు సౌలు మనవడు మెఫీబోషెతును లోదెబారు నుంచి పిలిపించాడు. రెండు కాళ్లూ కుంటివాడు, ప్రాణాలు పోతాయేమోనని వణికిపోతూ వచ్చాడు. దావీదు అతనికి తన బల్ల దగ్గర ఎప్పుడూ భోజనం చేసే హక్కిచ్చాడు. దయే అది. కానీ పాత రాజవంశంలో మిగిలినవాడు కళ్లెదుటే కూర్చుని తింటుంటే కొత్త రాజుకు నిశ్చింత కూడా. ఇప్పుడు దావీదు వంశంవాడే ఇంకొక రాజు బల్ల దగ్గర కూర్చుని, ఏ పూటకాపూట పెట్టింది తింటున్నాడు. దావీదు ఇల్లు వడ్డించే చోటి నుంచి వడ్డించుకునే చోటికి వచ్చింది.

అందుకే ఈ ముగింపు మీద పండితులు రెండు దారులు పట్టారు. జర్మన్ పండితుడు మార్టిన్ నోత్ 1943లో, రాజుల గ్రంథకర్త తనకు తెలిసిన చివరి సంఘటన రాసి ఆగిపోయాడు, అందులో ఆశ ఏమీ లేదు అన్నాడు. గెర్హార్డ్ ఫోన్ రాడ్ ఒప్పుకోలేదు. దావీదుకు దేవుడిచ్చిన మాట ఇంకా చావలేదని చెప్పడానికే ఈ వచనాలు ఉన్నాయన్నాడు. ఇద్దరిలో ఫోన్ రాడ్ వైపే మొగ్గాలనిపిస్తుంది, కాని ఒక షరతుతో. ఈ వచనాల్లో దేవుని పేరు లేదు. దేవుడు జ్ఞాపకం చేసుకున్నాడు అని గానీ, అతను పశ్చాత్తాపపడ్డాడు అని గానీ ఒక్క మాట లేదు. యోసేపు కథలో అడుగడుగునా దేవుడు అతనికి తోడుగా ఉన్నాడు అని చెప్పిన బైబిలు, ఇక్కడ నోరు విప్పదు. ఆ మౌనాన్ని మనం మాటలతో నింపేస్తే గ్రంథకర్త పడిన శ్రమకు అన్యాయం చేసినట్టే. అతను పెద్ద విజయం ప్రకటించలేదు, ఏడ్చి ముగించలేదు. పీఠం ఎంత ఎత్తుందో, భోజనం ఎన్నాళ్లు దొరికిందో చెప్పి కలం కింద పెట్టాడు. ఇంకో చిన్న సంగతి. హీబ్రూలో కుర్చీకీ సింహాసనానికీ ఉన్నది ఒకటే మాట, కిస్సే. దావీదు కిస్సే ఎప్పటికీ నిలుస్తుందన్న వాగ్దానంలో ఉన్నదీ, బబులోను భోజనశాలలో వేసినదీ అదే మాట.

ఈ మర్యాద చేసిన రాజు ఎక్కువ కాలం నిలవలేదు. రెండేళ్లు తిరక్కుండానే, క్రీ.పూ. 560లో, అతని అక్కాచెల్లెళ్లలో ఒకరి భర్త నెరిగ్లిస్సర్ అతన్ని చంపి రాజయ్యాడు. బబులోను చరిత్ర రాసిన బెరోసస్ ఎవీల్మెరోదకును అడ్డూ అదుపూ లేని రాజుగా తీసిపారేశాడు. యూదుల జ్ఞాపకంలో మాత్రం అతను దయగా మాట్లాడిన రాజు. చెరలో ఉన్నవాళ్లను ఇంటికి పంపిన పారసీక రాజు కోరెషు బబులోనును పట్టుకున్నది 539లో. ఆ సంగతి రాజుల గ్రంథకర్తకు తెలిసుంటే రాయకుండా ఉంటాడా? అందువల్ల ఈ చివరి వచనాలు కోరెషు రాకముందే, విడుదల వస్తుందో రాదో తెలియని రోజుల్లో రాసి ఉంటారని చాలామంది పండితుల అభిప్రాయం. కళ్ల ముందు ఉన్నది ఒక కుర్చీ మాత్రమే. దాన్నే రాశాడు.

యెహోయాకీను యెరూషలేమును మళ్లీ చూసినట్టు ఎక్కడా లేదు. అతని మనవడు జెరుబ్బాబెలు చూశాడు. చెర నుంచి తిరిగొచ్చినవాళ్లకు నాయకుడై, కూలిన దేవాలయానికి మళ్లీ పునాది వేశాడు. క్రీ.పూ. 520లో ప్రవక్త హగ్గయి అతనితో అన్న మాట, తాత మీద యిర్మీయా పలికిన మాటకు సూటిగా జవాబులా ఉంటుంది. నిన్ను ముద్ర ఉంగరంగా చేస్తాను. ఊడబెరికి పారేసిన ఉంగరం మళ్లీ వేలికి వచ్చింది. మత్తయి సువార్త మొదటి పేజీలోని వంశావళిలో బబులోను చెర దగ్గర ఉన్న పేరు యెకొన్యా, ఆ తర్వాత షయల్తీయేలు, ఆ తర్వాత జెరుబ్బాబెలు.

నూనె పలకలోకి ఇంకొక్కసారి తొంగి చూస్తే, రాజు కొడుకుల వరస దగ్గర గుమస్తా ఒక పేరు కలిపి రాశాడు. ఆ రెండున్నర సిలాలు "కెనాయా చేతిమీదుగా" ఇచ్చారు. తండ్రికి అప్పటికి ఇరవై మూడేళ్లు, కాబట్టి అయిదుగురూ చిన్నపిల్లలే, కొందరికి నడక కూడా వచ్చి ఉండదు. వాళ్ల తరఫున కెనాయా అనే అతను స్టోర్ రూమ్ గుమ్మం దగ్గర వరసలో నిలబడి, కుండ పట్టుకుని, నూనె కొలిపించుకుని వెళ్లాడు. ఆ అయిదుగురిలో షయల్తీయేలు కూడా ఉండి ఉంటాడు.